నాలుగో కత్తెర

అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉండే విశ్వనాథ్ ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్లెవరూ బొమ్మలు చూడకుండా బయటపడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన భూతద్దం పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు.

కౌంటీ ఆఫీసులో రోడ్ల మ్యాపులు గీసి రిటైరయిన మనిషికి ఈ పిచ్చి ఒక పాత సామాన్ల సంతలో అంటుకుంది. అక్కడ అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మ ఒకటి దొరికింది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు వెళ్లి, దొరలకీ దొరసానులకీ బొమ్మలు వేసి బతికిన ఇంగ్లీషు చిత్రకారుడొకడు, లండన్‌లో ఉన్న భార్య కోసం తన ముఖం తానే వేసుకున్నాడట. అమ్మినామె చెప్పింది అంతే. వెనక్కి తిప్పితే అద్దం కింద, జడలా అల్లిన గోధుమరంగు వెంట్రుకల పాయ. ఓడ చేరడానికి నెలలు పట్టే కాలం. ముఖం ఒక్కటే పంపితే చాలదనుకున్నాడు కాబోలు. అది చూసి విశ్వనాథ్‌కి కళ్లు చెమర్చాయి.

అప్పటినుంచి తనూ అలాగే వేయడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో వాడిన ఏనుగు దంతం ఇప్పుడు దొరకదు గనక తెల్లటి ప్లాస్టిక్ పలక మీద, సన్నటి కుంచెతో, చుక్క పక్కన చుక్క పెట్టి. తెలిసినవాళ్ల పిల్లలందరినీ వేశాడు. వెనక పెట్టడానికి ఒక్క పాయ అడిగితే మాత్రం తల్లులు నవ్వేసి పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. పుట్టువెంట్రుకలు దేవుడివి, దువ్వెనకు చిక్కినవి చెత్తబుట్టవి. మధ్యలో ఈయనకేం వాటా? ఆ బొమ్మల వీపులన్నీ ఖాళీగానే ఉండిపోయాయి.

ఆయన అసలు వేయాలనుకున్నది భార్య దమయంతిని. ఆవిడ బొమ్మకి బాగానే కూర్చునేది. పాయ మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కూతురు నీహారిక పుట్టేటప్పుడు కాన్పు కష్టమైతే, వెంకన్నకి మూడు కత్తెరలు జుట్టు ఇస్తానని మొక్కుకుంది. ఇండియా వెళ్లిన ప్రతిసారీ పెళ్లిళ్లతోనే సరిపోయి మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. దేవుడికివ్వకుండా మొగుడికెలా ఇస్తానని ఆవిడ పట్టు. పాయ లేకుండా బొమ్మ పూర్తిచేయనని ఈయన పట్టు. ముఖమంతా వేసి, జుట్టు దగ్గర ఆపేసి, సొరుగులో పెట్టేశాడు. ఇద్దరూ ఇద్దరే.

2011 చలికాలంలో దమయంతికి రొమ్ములో గడ్డ ఉందని తేలింది. కీమో మొదలైతే జుట్టు నిలవదని డాక్టరమ్మ చెప్పింది. విశ్వనాథ్‌కి భయమేసింది. సొరుగులోని ఆ సగం బొమ్మే చివరికి తనకి మిగులుతుందేమోనని భయం.

మర్నాడు పొద్దున దమయంతి తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఆయన్ని కత్తెర తెమ్మంది. మూడుసార్లు కత్తిరించమంది. ఆ జుట్టుని గోవిందా అనుకుంటూ పసుపు గుడ్డలో మూట కట్టింది. తిరుపతి వెళ్తున్న స్నేహితురాలు అనురాధ చేత హుండీలో వేయిస్తానంది. ఆయన కత్తెర కింద పెట్టబోయాడు.

“ఉండండి. దేవుడివి మూడూ అయిపోయాయి. నాలుగోది మీది.”

ఆయన నాలుగో పాయ కత్తిరించి కాగితంలో మడిచాడు. ఆ వారమంతా ఆయన ఆ జుట్టే వేశాడు, చుక్క పక్కన చుక్క. కీమోకి వెళ్లే ముందురోజు బొమ్మ పూర్తయింది. పాయ పెట్టి వెనక అద్దం బిగించబోతుంటే దమయంతి చెయ్యి అడ్డం పెట్టింది.

“దేవుడికిచ్చాను, మీకిచ్చాను. మరి నాకేదండీ?”

విశ్వనాథ్ తల తడుముకున్నాడు. నున్నటి బట్టతల. “నా దగ్గరేముంది దమయంతీ, చెవి వెనకాల ఈ నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప?”

“అవే ఇవ్వండి.”

ఆయన తల వంచాడు. ఆవిడ వాటిని కత్తిరించి, తన పాయతో కలిపి దారంతో కట్టి, అద్దం తనే బిగించింది. మర్నాడు ఆ బొమ్మ పర్సులో వేసుకునే ఆస్పత్రికి వెళ్లింది. మందు ఎక్కుతున్నంతసేపూ దాన్ని వెనక్కి తిప్పి పట్టుకుంది.

మరుసటి ఏడాదికి దమయంతి జుట్టు మళ్లీ వచ్చింది. బొమ్మ మాత్రం విశ్వనాథ్ చేతికి ఇంతవరకూ తిరిగి రాలేదు.