సుబ్బాయమ్మ గారి పాత ఆది

ఆ మూడు వారాలూ పీర్‌సాహెబుకు కాలు నిలవలేదు. కుట్టుమిషను ముందు కూర్చునేవాడు, సూది కింద బట్ట లేకుండానే తొక్కేవాడు. మెడలో వేలాడే టేపు రెండు కొసలూ పట్టుకుని ఒకసారి కుడివైపు లాగేవాడు, ఒకసారి ఎడమవైపు లాగేవాడు. కుడివైపు లాగితే వెళ్లిపోదామని, ఎడమవైపు లాగితే ఉండిపోదామని. తిరువూరు బజారులో పక్కనున్న ఇనప సామాన్ల కొట్టువాళ్లకు కూడా ఈ సంగతి తెలిసిపోయింది. "ఏం సాయిబూ, ఇవాళ కుడా, ఎడమా?" అని పొద్దున్నే పలకరించేవాళ్లు. వాళ్లు సరదాకే అడిగేవాళ్లు గానీ ఆయనకు ఒళ్లు మండేది.

సంగతేమిటంటే, వినగడప అంకారావు తుంగభద్ర కాలవ కింది ఊరి నుంచి వచ్చి, మా ఊరు వచ్చెయ్యమని పిలిచాడు. డెబ్బై రెండులో వానలు మొహం చాటేసినప్పుడు ఆ పెద్దమనిషి మెట్ట పొలం తెగనమ్ముకుని, భార్యతో, ఇద్దరు కొడుకులతో రాయచూరు వైపు వెళ్లిపోయాడు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ కాలవ కింద నల్లరేగడి ఆరెకరాలు వచ్చే రోజులవి. మెట్ట ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లంతా ఒకచోట ఇళ్లు వేసుకుని, దానికి క్యాంపు అని పేరు పెట్టుకున్నారు. మూడేళ్ల తరవాత, డెబ్బై అయిదు వేసవిలో, మేనకోడలి పెళ్లికి వచ్చిన అంకారావు తెల్లటి టెర్లిన్ చొక్కా తొడుక్కుని కొట్లోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఇక్కడ ఇంకా ఎవరికి కుడదామని కూర్చున్నావు సాయిబూ? నీ బేరాలన్నీ మా క్యాంపులోనే ఉన్నాయిగా. అక్కడి దర్జీకి మన జాకెట్టు కోత తెలీదు, కుట్టు కుదరదు. మా ఆడవాళ్లు నీ పేరే తలుచుకుంటున్నారు. రైసుమిల్లు ముందు గది ఒకటి ఖాళీగా ఉంది, నీకు ఇప్పిస్తా. రెండు పంటలు, చేతినిండా పని. ఏమంటావు?"

"అమ్మగారు బాగున్నారాండీ?" అన్నాడు పీర్‌సాహెబు, ఏమనాలో తోచక.

"మా ఆవిడకేం, రాణీలా ఉంది. ఇక్కడ మిగిలిన మామిడితోట బేరం తెమలడానికి మూడు వారాలు పడుతుంది. ఈలోగా చెప్పు. గుడివాడ దర్జీ ఎవరో ఆ గది కోసం తిరుగుతున్నాడంట."

అంకారావు మాటల్లో గొప్పలు ఎన్ని ఉన్నా, బేరాల సంగతి మాత్రం నిజం. కొట్లో గోడవారన ఉన్న రేకుపెట్టె తెరిస్తే ఆ నిజం కనిపిస్తుంది. పీర్‌సాహెబు తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఆడవాళ్ల ఒంటి మీద టేపు పెట్టి కొలత తీసుకోడు. ఒంటికి అచ్చంగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇంట్లో మగవాళ్లో పాలేరో తెచ్చి ఇస్తారు. అదే ఆది. దాన్ని బట్టి కొత్తది కుట్టాలి. పాతికేళ్లుగా కుడుతున్నా ఆ ఇల్లాళ్లలో చాలామంది మొహాలు ఆయన సరిగ్గా చూడలేదు. కానీ ఎవరికి కాన్పు అయిందో, నీళ్లబిందె మోసి మోసి ఎవరి కుడిభుజం కిందికి దిగిందో, ఎవరు ఇంటికి కోడలై వచ్చి రెండేళ్లకు కాస్త ఒళ్లు చేశారో ఆయనకు తెలుసు. ఊళ్లు విడిచి వెళ్లేటప్పుడు వాళ్లందరూ తలో ఆదీ పంపించారు. గుడ్డ పంపినప్పుడల్లా దీనికి కుట్టి పంపండి అని కబురు. అలా ఇరవై ఏడు జాకెట్లు, ప్రతిదానికీ పేరు రాసిన గుడ్డముక్క తగిలించి, పెట్టెలో పడుకున్నాయి. మనుషులు వెళ్లిపోయారు, ఆదులు మిగిలాయి.

వెళ్లాలి. పొద్దున కొట్టు తెరిచి పెట్టె వంక చూడగానే అనిపించేది. రోజుకు ఒక్క చొక్కా వస్తే గొప్ప, అదీ మాసికకు. మిషను తుప్పు పట్టకుండా నూనె వేసుకోవడమే పని అయింది. అక్కడికి వెళితే తెలిసిన ఇళ్లే, తెలిసిన కొలతలే.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి మనసు అడ్డం తిరిగేది. అక్కడి భాష రాదు. నమాజుకు పక్కన నిలబడేవాడు ఉంటాడో లేడో. ఇక్కడ పండక్కి పండగ బట్టలు, క్రిస్మసుకు క్రిస్మసు బట్టలు, ఏదో ఒకటి ఉంటుంది. భార్య మెహరున్నీసా పుట్టిల్లు విస్సన్నపేట, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. క్యాంపు నుంచి రావాలంటే గుంతకల్లులో బండి మారి, బెజవాడలో దిగి, మళ్లీ బస్సు. ఇంతాచేసి వెళ్లాక కుదరకపోతే ఏ మొహం పెట్టుకుని తిరిగి రావాలి? ఇనప కొట్టువాళ్లు బతకనిస్తారా?

"మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టి కూర్చున్నారు," అనేది మెహరున్నీసా. కాజాలు, హుక్కులు, చేతికుట్లు అన్నీ ఆమె పనే. "వెళదామంటారా, వద్దంటారా? పొద్దునొక మాట, మధ్యాహ్నమొక మాట. మీతో పాటు నాకూ తల తిరుగుతోంది."

"నువ్వేమంటావు?"

"నేను వద్దనే అంటా. మొదటి నుంచీ అదే మాట. అక్కడ నీళ్లెట్లా ఉంటాయో ఏమో. పిల్లకి టైఫాయిడొచ్చి ఏడాది కూడా కాలేదు."

పిల్లంటే ఖాసింబీ. ఎనిమిదేళ్లది, ఒక్కతే కూతురు. ఇరవై రెండు రోజుల జ్వరం నుంచి లేచిన తరవాత ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. ఆ మాట రాగానే పీర్‌సాహెబు చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. సందు చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేవాడు. కాలుగాలిన పిల్లి అనేది ఆయన్ని చూసి చెప్పిన మాటేనేమో.

మూడో వారంలో అంకారావు మళ్లీ వచ్చి ఒక మూట బల్ల మీద పడేశాడు. "మా ఆవిడ ఇచ్చింది, నా పెట్టె అడుగున ఉండిపోయింది. నాలుగు జాకెట్టు గుడ్డలు. ఆదివారం బయల్దేరతా, అప్పటికి కుట్టెయ్. నీ జవాబు కూడా అప్పుడే," అని బస్సు టైమయిందని వెళ్లిపోయాడు.

పీర్‌సాహెబుకు సంతోషమే కలిగింది. మూడేళ్లుగా అంకారావు భార్య సుబ్బాయమ్మ గారి నుంచి ఒక్క గుడ్డ రాలేదు. మూటలో నాలుగు గుడ్డలతో పాటు ఊదారంగు పాత జాకెట్టు ఒకటి, దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ ఉన్నాయి. "మీ దగ్గరున్న పాత ఆదికి కుట్టవద్దు. ఈ ఆదికి కుట్టగలరు. సుబ్బాయమ్మ."

ఊదారంగు జాకెట్టును ఆయన వెంటనే గుర్తుపట్టాడు. వాళ్లు ఊరు విడిచే ముందు తను కుట్టిందే. ఇప్పుడు దాని రెండు పక్కలా, చంక కింద నుంచి నడుం దాకా, చేతికుట్టు వేసి ఉంది. పెట్టెలోంచి పాత ఆది తీసి బల్ల మీద పరిచి, దాని మీద దీన్ని పరిచాడు. ఊదాది ఒక్కో పక్కన రెండు వేళ్ల వెడల్పు తగ్గింది. పొరపాటేమోనని మళ్లీ సరిచేసి పెట్టాడు. అదే తేడా.

రాణీలా ఉందట! ఎంత నిండుగా ఉండే మనిషి కొలత అది! రెండు పంటలు, కాలవ నీళ్లు, చేతినిండా పని అన్న మొగుడి మాట ఒకటి, ఈ జాకెట్టు చెప్పే మాట ఇంకొకటి. పీర్‌సాహెబు పాతికేళ్ల అనుభవంలో మనుషులు అబద్ధాలాడారు గానీ ఆది ఎప్పుడూ ఆడలేదు. కొట్టు సగం మూసి, రెండు జాకెట్లూ చంకలో పెట్టుకుని ఎండలో ఇంటికి నడిచాడు.

"మనం వెళ్లట్లేదు," అన్నాడు గుమ్మంలోనే. "తేలిపోయింది. చూడు ఇది."

మొదటి నుంచీ వద్దంటున్న మనిషి కాబట్టి మెహరున్నీసా అమ్మయ్య అంటుందనుకున్నాడు. ఆమె అనలేదు. ఊదారంగు జాకెట్టు తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, తిరగేసి, కుట్టు వెంట వేలు జరుపుకుంటూ వెళ్లింది. చాలాసేపు చూసింది.

"ఈ చిల్లులు చూశారా?"

"ఏ చిల్లులు?"

"సూది చిల్లులు. ఇప్పుడున్న కుట్టుకి లోపలగా ఇంకో వరస ఉంది. దానికీ లోపల మరో వరస. కుట్టి విప్పేసినవి." వేలిగోటితో చూపించింది. "మిషను కుట్టయితే మీకు కనపడేది. చేతికుట్టు కాబట్టి నాకు కనపడింది. ముందు ఇదిగో ఇక్కడిదాకా పట్టుకుంది ఆవిడ. పాపం, ఎంత చిక్కిపోయిందో. తరవాత అది విప్పి ఇక్కడికి జరిపింది. మళ్లీ విప్పి ఇక్కడికి."

"అంటే?"

"అంటే, ఒళ్లు పోయిన మాట నిజం. కొంచెం కొంచెంగా తిరిగొస్తున్న మాట కూడా నిజం. మీరు సగమే చదివారు."

పీర్‌సాహెబుకు ఏడుపొచ్చినంత పనైంది. మూడు వారాల తరవాత ఇప్పుడే కదా ఒక మాట మీద నిలబడ్డాడు! "వద్దు వద్దన్నది నువ్వే. ఇప్పుడు వెళదామంటావా?"

"వెళదామనట్లేదు. ఉన్నది చెప్పకపోతే ఎట్లా? ఈ జాకెట్టులో మీరనేదీ ఉంది, నేననేదీ ఉంది." ఆమె లోపలికి చూసి కేకేసింది. "ఖాసింబీ, ఇట్రా."

పిల్ల వచ్చి నిలబడింది. మెహరున్నీసా దాని గౌను పక్కలు రెండు చేతులతో వెనక్కి పట్టి లాగింది. చక్కిలిగిలి పుట్టి ఖాసింబీ కిలకిలా నవ్వుతూ మెలికలు తిరిగింది. గౌను కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"అక్కడికెళ్లిన మొదటేడు ఇంత అడుగుతుంది ఆ ఊరు," అంది మెహరున్నీసా ఊదారంగు జాకెట్టు చూపించి. "నిండుగా ఉన్న మనిషి కాబట్టి సుబ్బాయమ్మ గారు ఇచ్చుకుని నిలబడింది. దీని దగ్గర ఇవ్వడానికి ఏముందో మీరే చూడండి."

పీర్‌సాహెబు చూశాడు. ఆ పూట టేపును ఏ వైపూ లాగలేదు.

ఆదివారం అంకారావు వచ్చేసరికి నాలుగు జాకెట్లూ మడతపెట్టి ఉన్నాయి.

"ఈసారికి రాలేనండి," అన్నాడు పీర్‌సాహెబు.

అంకారావు మొహం గంటుపెట్టుకున్నాడు. "నీకోసం ఆ గుడివాడవాణ్ణి ఆపి పెట్టా తెలుసా? ఈ రేకుపెట్టె పక్కన కూర్చుని ఏం బావుకుంటావు? పిరికితనం కాకపోతే!"

పీర్‌సాహెబు ఒక జాకెట్టు తీసి తిరగేసి చూపించాడు. "అమ్మగారికి ఒక మాట చెప్పండి. కొత్త ఆదికే కుట్టాను. కానీ లోపల రెండు పక్కలా రెండేసి వేళ్ల గుడ్డ వదిలిపెట్టాను. ఒళ్లు తిరిగొచ్చే కొద్దీ విప్పుకోమనండి. గుడ్డ పాడవదు."

అంకారావు ఆ మడత వంక చూశాడు. తరవాత బల్ల మీద కూర్చున్నాడు, టెర్లిన్ చొక్కా నలుగుతుందన్న ధ్యాస లేకుండా.

"మొదటేడు చలిజొరాలొచ్చినయ్ సాయిబూ," అన్నాడు. గొంతు తగ్గింది. "ఆరు నెలలు మంచాన పడింది మా ఆవిడ. ఎవరికీ రాయొద్దంది. ఆ ఊరు పోయి చిక్కిపోయిందంట అని మనవాళ్లు అనుకుంటారని దాని బాధ. నేనూ చెప్పలా. ఇక్కడికొచ్చి గొప్పలు చెబుతున్నానంటే... ఏం చెయ్యను? పది మంది మనవాళ్లుంటే దానికి ధైర్యంగా ఉంటుందని." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీ పిల్లకి జొరమొచ్చి తగ్గిందని బజార్లో అన్నారు. తీసుకురాబాకు. నేనే చెబుతున్నా."

జాకెట్లు మూట కట్టుకుని లేస్తూ, బల్ల మీదున్న పాత ఆది చూశాడు. "ఇది ఇంకెందుకు నీకు? ఇచ్చెయ్, తీసుకుపోతా."

పీర్‌సాహెబు దాని మీద చెయ్యి వేశాడు. "ఇది ఇక్కడే ఉండనివ్వండి. అమ్మగారికి మళ్లీ ఇది సరిపోయిన రోజున ఒక్క ముక్క రాయించండి. ఆ రోజు నేను బయల్దేరతాను."

ఆయన ఈ మాట అన్నాడని తెలిసి ఇనప కొట్టువాళ్లు పడీపడీ నవ్వారు. మనసు మాత్రం కుదుటపడలేదు. బేరాలు ఇంకా పలచబడ్డాయి, పెట్టెలో ఆదులు ముప్పై నాలుగయ్యాయి. క్యాంపు నుంచి ఎవరు వచ్చినా, ఏ మూట వచ్చినా, సుబ్బాయమ్మ గారి చీటీ ఉందేమోనని ముందు చూసుకునేవాడు. లేకపోతే ఆ పూటంతా మిషను ఉత్తినే తొక్కేవాడు. గది గుడివాడ దర్జీకే వెళ్లిందని విన్నాడు. ఒక వేసవి వెళ్లింది, ఒక చలికాలం వెళ్లింది, మరో వేసవి, మరో చలికాలం కూడా వెళ్లాయి.

డెబ్బై ఏడు ఉగాది దాటాక పోస్టులో పార్సెలు వచ్చింది. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఒకటే ఉంది. ఆది లేదు. మడతలో చీటీ.

భోజనం తీసుకుని కొట్టుకు వచ్చిన మెహరున్నీసా ఆయన మొహం చూసి గిన్నె కింద పెట్టింది. "ఏం రాసింది?"

పీర్‌సాహెబు చదివాడు. "సాయిబు గారూ, ఈసారి పాత ఆదికే కుట్టండి."

"గది సంగతి?"

"ఏం రాయలేదు."

"లేకపోతే చెట్టు కింద కుడతారు," అంది మెహరున్నీసా. వెనకే మంచినీళ్ల చెంబుతో వచ్చిన ఖాసింబీని దగ్గరకు లాక్కుని, గౌను పక్కలు పట్టుకోబోయింది. వేళ్లకు గుడ్డ అందలేదు. రంజానుకు కుట్టిన గౌను, అప్పుడే పిల్ల ఒంటికి బిగిసిపోయింది.

పీర్‌సాహెబు పెట్టె తెరిచి పాత ఆది బయటికి తీశాడు. ఆకుపచ్చ గుడ్డ మీద దాన్ని పరిచి, సుద్దతో గీత గీశాడు. మిషను మీద పెట్టిన కాళ్లు, సూది కిందికి గుడ్డ వచ్చేదాకా కదల్లేదు.