రేవు దగ్గరి సర్కారు

మాల్దీవుల్లో దిగిన రోజు వాన, ఆ వెంటనే ఎండ. కరోనా రెండో ఏడు. నేను మన సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. చిన్న దీవుల్లోని రోగులను, మన దేశం వాళ్ళకిచ్చిన హెలికాప్టర్‌లో పెద్ద దీవి ఆసుపత్రికి చేర్చడం మా పని. ఒంటి మీద ప్లాస్టిక్ సూటు, లోపల చెమట కాలువలు.

ఆ దేశానికి అధ్యక్షుడున్నాడు, పార్లమెంటుంది. అవి చాలక మనుషులున్న ప్రతి దీవికీ సొంత కౌన్సిల్, దానికి ఎన్నికలు. సూరత్‌లో మావాళ్ళు బతుకుతెరువుకొచ్చి స్థిరపడ్డ భేస్తాన్ పేటలో ఒక మూలకు సరిపోయే దీవికి ఇంత హంగామా ఎందుకని నవ్వుకున్నాను.

అలాంటి ఒక దీవికి కౌన్సిల్ అధ్యక్షురాలు ఒక టీచరమ్మ. కరోనాను గడప తొక్కనివ్వలేదు. బయటి నుంచి ఎవరొచ్చినా రేవు పక్క గెస్ట్‌హౌస్‌లో రెండు వారాలుండాలి. చుట్టూ తాడు కట్టించింది. ప్రచారానికొచ్చిన పార్లమెంటు సభ్యుణ్ణీ అందులోనే కూర్చోబెట్టిందట. పూటపూటకీ చేపల కూర మాత్రం పంపిందట.

కౌన్సిల్ ఎన్నికలు వారంలో ఉన్నాయనగా అక్కడి నుంచి పిలుపొచ్చింది. ఒకమ్మాయికి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. భర్త చేపల వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. రేడియోలో టీచరమ్మే. హిందీ సినిమాల పుణ్యమా అని ఆమెకు హిందీ బాగా వచ్చు.

"ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో దిగండి. మావాళ్ళు దూరంగా ఉంటారు. తోడు నేనొస్తాను."

మా రేడియో ఆపరేటర్ సిద్దిపేట వాడు. "ఏందన్నా గీమె? ఇప్పుడొస్తే వాపసు పోయినంక తాడు లోపల్నే కూసోవాలె. ఓట్లెవలడుగుతరు?"

హెలికాప్టర్‌లో అదే మాట ఆమెనడిగాను. ఆ అమ్మాయి చెయ్యి వదలకుండా చెప్పింది: "ఆసుపత్రిలో డాక్టర్లు మీ దేశం వాళ్ళు. దీనికి మా భాష తప్ప రాదు. భయపడుతోంది. ఓట్ల సంగతి తర్వాత."

తల్లీబిడ్డా దక్కారు. నాలుగు రోజులకు పడవలో వాళ్ళను దింపడానికి నేనే వెళ్ళాను. రేవులో కౌన్సిల్ సభ్యులు టీచరమ్మతో, "మీరు అధ్యక్షులు, ఇంటికి పదండి" అన్నారు. ఆమె కళ్ళెర్రజేసింది. బిడ్డనెత్తుకుని, తల్లిని నడిపించుకుంటూ గెస్ట్‌హౌస్ వైపు వెళ్ళింది.

ఆ ఎన్నికలో ఓడిపోయింది. గెలిచినామెకు తెల్లారే, తాడు లోపలి నుంచే, ఆఫీసు తాళాలు అప్పగించిందని తర్వాత విన్నాను.

డ్యూటీ ముగిసి భేస్తాన్ వచ్చాక, సాంచాల మీద బట్ట నేసి వచ్చిన మావాళ్ళకు ఇదంతా చెప్పాను. పక్కింటి లచ్చవ్వ ముక్కున వేలేసుకుంది. "ఓడగొట్టిండ్రా? గంత మంచి మనిషినా! గదేం దేశం బిడ్డా?"

మొదట నాకూ కోపమొచ్చింది. ఇప్పుడు రాదు. ఆ దేశమంటే నాకు ఆ రేవే గుర్తొస్తుంది. మేం దిగిన కాసేపటికి ఆ అమ్మాయి భర్త వేట నుంచి తిరిగొచ్చాడు. తడిబట్టలతో పరుగెత్తుకొచ్చాడు. టీచరమ్మ బిడ్డను రెండు చేతులా పైకెత్తి చూపింది. అక్కడ పోలీసు లేడు, లాఠీ లేదు. నడుమెత్తు తాడు ఒక్కటే. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ, ఇవతలే నిలబడిపోయాడు.