ఆ మధ్యాహ్నం నేను వేసిన బిళ్ళ

పధ్నాలుగేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మొదట్లో అన్నం సయించేది కాదు. తర్వాత సయించింది. నిద్ర పట్టేది కాదు. తర్వాత అదీ పట్టింది. ఇలా అన్నీ సర్దుకుపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. ఆఫీసులో మెడలో దండ వేసి, నా నిజాయితీ గురించి ఎవరో ఒకరు నాలుగు ముక్కలు మాట్లాడతారు. అవి వినేలోపు ఎవరికైనా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో పెద్ద ధైర్యమేమీ లేదని నాకూ తెలుసు.

ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో గుమస్తాని. ఎనభైల మధ్యలో మాట. అప్పట్లో వర్క్‌షాపులో ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. బిళ్ళలన్నీ బోర్డుకి వేలాడుతుండేవి. పొద్దున లోపలికి వచ్చేటప్పుడూ, భోజనం చేసి తిరిగొచ్చేటప్పుడూ ఎవడి బిళ్ళ వాడు తీసి పెట్టెలో వేయాలి. వేస్తే ఉన్నట్టు. బోర్డు మీద మిగిలితే రానట్టు. ఆ పెట్టె తెరిచి హాజరు రాయడం నా పని. ఆ లెక్కని బట్టే షాపులో ఛార్జిమన్ మధ్యాహ్నం పనులు పంచేవాడు. మనిషి లేడని తెలిస్తే ఆ పనికి ఇంకొకణ్ణి పెట్టేవాడు.

సింహాచలం క్రేను దగ్గర పనిచేసేవాడు. ఎత్తాల్సిన బరువుకి ఇనుప తాడు బిగించి, పైన కూర్చున్న డ్రైవరుకి చేత్తో సైగ చేయడం అతని పని. వాళ్ళది శ్రీకాకుళం వైపు ఊరు. తాతల నాడే వచ్చి ఇక్కడ రైల్వేలో పడ్డారు. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను బాబూ అనేవాడు, నువ్వు అని మాట్లాడేవాడు. చదువుకున్న గుమస్తాకీ షాపులో చెమటోడ్చే మనిషికీ స్నేహం ఏమిటని మా ఇంట్లో మూతి విరిచేవారు. మా ఇద్దరినీ కలిపింది సినిమా. అది కూడా ఇంట్లో పైకి చెప్పుకోలేని సినిమా.

గోల్‌బజార్ వైపున్న ఒక హాల్లో ఆదివారం మార్నింగ్ షోకి కౌబాయ్ సినిమాలు వేసేవారు. ఇటలీవాళ్ళు తీసినవి. అవి ఇటలీవని మాకు చాలా కాలం తెలియదు. పెదవులు ఒకటి పలికితే మాట ఇంకోటి వినిపించేది. అన్ని సినిమాల్లోనూ అదే ఊరు, అదే వీధి, అదే శవపెట్టెల కొట్టు. పాపం నటులకి కూడా కరువే అనుకుంటాను, మొదటి అరగంటలో చచ్చినవాడు టోపీ మార్చుకుని మళ్ళీ వచ్చి చచ్చేవాడు. సింహాచలం వాణ్ణి ఇట్టే పట్టేసేవాడు. "బాబూ, ఈడు ఇందాకల సచ్చినాడు కదేటి!" అని గట్టిగా అంటే వెనక వరసలో బెంగాలీ కుర్రాళ్ళు కూడా అర్థం కాకుండానే నవ్వేవారు.

అతనికి ఇంగ్లీషు రాదు. నేను చెవిలో తెలుగులో చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ ఇంగ్లీషు నాకూ సగం అందేది కాదు. అందనిచోట కల్పించి చెప్పేసేవాణ్ణి. తెర మీద ఒకడు గుర్రం దిగి ఏదో గొణిగితే, "నీ తమ్ముణ్ణి చంపింది నేనే అంటున్నాడు" అనేవాణ్ణి. కథ ఇంకోలా తిరిగేది. సింహాచలం ఒక్కసారి కూడా నిలదీయలేదు. నేను చెప్పిందే కథ అనుకునేవాడు.

ఏముంది ఆ సినిమాల్లో? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. దుమ్ము. ఈగలు. గడ్డాలు గీసుకోని మొహాలు. మంచివాడంటూ ఒక్కడూ ఉండడు, హీరో కూడా లుచ్ఛాయే. రక్తం ఎర్ర రంగని తెలుస్తూనే ఉంటుంది, అయినా అది కారుతుంటే కళ్ళు తిప్పుకోలేం. ఆరు రోజులు ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని, చేయని తప్పుకి కూడా సారీ సార్ అనే మనిషిని నేను. ఏడో రోజు ఆ చీకట్లో కూర్చుంటే, తెర మీద ఒకడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా నలుగుర్ని కాల్చిపారేసి గుర్రమెక్కి పోయేవాడు. ఎంత హాయిగా ఉండేదో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఒంటరిగా చూస్తే ఆ హాయి సగమే. పక్కన సింహాచలం ఊపిరి బిగబట్టి, తుపాకి పేలగానే నా తొడ మీద చరిస్తేనే నాకు సినిమా చూసినట్టుండేది.

ఒక వారం హాలుకి రావలసిన హిందీ సినిమా పెట్టె రాలేదు. ఆదివారం వేసిన కౌబాయ్ సినిమానే వారమంతా అన్ని ఆటలూ ఆడించారు. నేను ఆదివారమే చూశాను. సింహాచలానికి ఆ రోజు ఓవర్‌టైం పడింది. గురువారం ఆఖరి రోజు. ఆ సినిమా చివర్లో శ్మశానంలో ఒక కాల్పుల సీను ఉంది. అది అతని పక్కన కూర్చుని చూడాలని నాకు పిచ్చి పట్టింది. వేరే కారణం ఏదీ లేదు. ఇంత చిన్న కోరిక వెనక ఇంత పెద్ద పాపం ఉండటం నాకే నమ్మబుద్ధి కాదు.

గురువారం పొద్దున అడిగితే సెలవుల్లేవన్నాడు. ఊరెళ్ళొచ్చి అన్నీ వాడేసుకున్నాడు. ఆ సంగతి అతనికంటే నాకే బాగా తెలుసు, పుస్తకం నా దగ్గరే ఉంది. "ఇంకో పూట మిగిలింది, నేను పెట్టేస్తాలే" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. భోజనం సైరన్ కొట్టగానే అందరితో పాటు గేటు దాటి వెళ్ళిపోయాడు. నేను నా పూట సెలవు కాయితం పద్ధతిగా రాసి, సంతకం పెట్టించుకున్నాను. తర్వాత బోర్డు మీంచి సింహాచలం బిళ్ళ తీసి పెట్టెలో పడేశాను. ఎవరూ చూడలేదు. బిళ్ళ పడిన చప్పుడు కూడా పెద్దగా లేదు.

సినిమా బాగుంది. అది కూడా చెప్పాలి. ఇద్దరం ఎంతో ఆనందించాం. శ్మశానం సీనులో అతను నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సరిగ్గా ఆ వేళకే షాపులో చక్రాల జత ఒకటి ఎత్తవలసి వచ్చింది. హాజరు ప్రకారం సింహాచలం ఉన్నాడు. కేకేస్తే పలకలేదు. టీకి పోయుంటాడనుకున్నారు. హెల్పరు ఎర్రయ్య, నలుగురు పిల్లల తండ్రి, నేనే కడతానని తాడు బిగించాడు. అతనికి ఆ పని రాదు. బరువు లేవగానే పక్కకి ఊగింది. అతని కుడి చెయ్యి మణికట్టు దగ్గర నలిగిపోయింది. ఆస్పత్రిలో తీసేశారు.

నాకు సాయంత్రం గోల్‌బజార్‌లోనే తెలిసింది. మర్నాడు పొద్దున సైరన్‌కి ముందే సైకిల్ స్టాండు దగ్గర సింహాచలం కోసం కాపు కాశాను. అప్పటికే అతనికీ తెలిసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మా మధ్య జరిగిన ఆ నాలుగు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"నాకు సెలవెట్టినావు కదా బాబూ? మరి నాను లోపలున్నానని అందరూ అంతన్నారేటి?"

"పెట్టలేదు."

"మరేటి సేసినావు?"

"నీకు సెలవుల్లేవు సింహాచలం. నీ బిళ్ళ పెట్టెలో వేశాను."

సైకిళ్ళు వస్తున్నాయి, తాళాలు పడుతున్నాయి. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఈ సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుందని, ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలుందని, ఏవేవో అన్నాను. ఎర్రయ్య పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇది నాకు తర్వాత గుర్తొచ్చింది.

"నానైతే నీ పేరెత్తను బాబూ. నా నోటంట రాదు. సెప్పీదుంటే నువ్వే సెప్పు. సదూకున్నోడివి, ఎలాగ సెప్పాలో నీకు తెలుస్తాది," అన్నాడు.

డ్యూటీలో ఉండి చెప్పకుండా చోటు వదిలేశాడని ఛార్జిషీటు వచ్చింది. మాకు ఎంక్వైరీలో ఒక పద్ధతుంది. ఛార్జిషీటు పడినవాడు తన తరఫున మాట్లాడటానికి తోటి ఉద్యోగినొకణ్ణి సాయం పెట్టుకోవచ్చు. సింహాచలం నా పేరు రాయించాడు. అందరూ మెచ్చుకున్నారు, స్నేహితుడికి అండగా నిలబడ్డాడని. అతను అలా ఎందుకు చేశాడో నాకు అప్పుడు తట్టలేదు. నేను నిజం చెప్పడానికి వీలుగా నన్ను తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

నేనేం చేశానో చెప్తాను. సింహాచలానికి ఆ మధ్యాహ్నం కడుపు నొప్పి వచ్చిందనీ, దొడ్డికి పోయి అక్కడే కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడనీ మంచి ఇంగ్లీషులో రాశాను. చక్కగా రాశాను. రాసేటప్పుడు ఒక మాట కొట్టేసి ఇంకా మంచి మాట పెట్టిన సంగతి కూడా గుర్తుంది. అందులో ఏముందో అతనికి చదివి వినిపించలేదు. అతను కింద తెలుగులో సంతకం పెట్టాడు. హాల్లో నేను చెప్పిన కథలు నమ్మినట్టు నమ్మి పెట్టాడా? లేక అన్నీ తెలిసే పెట్టాడా? తెలిసే పెట్టి ఉంటే నేను బతికుండి ఏం లాభం?

మూడు సార్లు కూర్చున్నారు. మూడు సార్లూ, ఇంకేమైనా చెప్పేది ఉందా అని ఆఫీసరు అడిగినప్పుడల్లా సింహాచలం నా వైపు చూశాడు. నేను కాయితాల వైపు చూశాను. అన్నం తినే పళ్ళెంలో చూసినట్టు అంత శ్రద్ధగా చూశాను. డాక్టరు చీటీ లేదు, చూసినవాడు లేడు. కడుపు నొప్పి కథ నిలవలేదు. ఉద్యోగం తీసేశారు. క్వార్టరు ఖాళీ చేసి పూరీ గేట్ దగ్గర అద్దె గదిలోకి వెళ్ళారు. అతను గోల్‌బజార్‌లో బస్తాలు మోశాడు. బజార్లో కనిపిస్తే నేను చేపల వరస వైపు తిరిగిపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఆ సినిమాలు మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. తొంభైల్లో ఇంటికి కేబుల్ వచ్చాక సౌండు తగ్గించి చూశాను. ఇప్పటికీ తెర మీద రక్తం నన్ను ఏమీ చేయదు. ఎర్రయ్యని మాత్రం ఇంతవరకు సూటిగా చూడలేదు.

సింహాచలం పోయి మూడేళ్ళయింది. దగ్గుతో మొదలై ఛాతీ పట్టేసింది. పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. అతని భార్య పైడమ్మ పీట వేసి, టీ ఇచ్చింది. ఎంక్వైరీలో తన భర్త కోసం కొట్లాడిన మనిషిగానే ఆమె నన్ను ఎరుగును. ఇంట్లో కూడా సింహాచలం నేను రాసిన కథే చెప్పాడన్నమాట. భార్యకి కూడా.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఒంటి చేతి మనిషి తన ఉన్న చేతికి గోళ్ళు తీసుకోలేడు. నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు. సింహాచలం ప్రతి ఆదివారం పొద్దున ఎర్రయ్య ఇంటికి వెళ్ళి, ఆ ఎడం చేతి గోళ్ళు తీసి వచ్చేవాడట. మంచం పట్టేదాకా మానలేదట. మొదటి ఏడాది ఎర్రయ్య తిట్టేవాడట, చెయ్యి మాత్రం చాపేవాడట. మేం మార్నింగ్ షోకి పోయే వేళ అది. సెలవులో ఉన్నాననుకున్న మనిషి, ఏ పాపం ఎరగని మనిషి, నా తప్పుకి పదేళ్ళ పైన అలా వెళ్ళి కూర్చున్నాడు. నేను ఆ ఆదివారాల్లో పేపరు చదువుకున్నాను.

పైడమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "పోయినోడిని అనకూడదు గాని బాబూ, ఆ దినం ఒల్లు దగ్గరెట్టుకుని ఒక్క గడియ నిలబడుంటే ఎర్రయ్య సెయ్యి పోయీది కాదు. అదొక్కటీ ఆ మనిసి తప్పే. అవునా, కాదా?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. సింహాచలం నా కోసం దాచవలసిన అవసరం ఇక లేదు. చెల్లెలి పెళ్ళి అయిపోయింది. నా ప్రమోషన్లు అయిపోయాయి. ఏ భయమూ లేదు. నోరు తెరిస్తే చాలు.

"అవునమ్మా" అన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడి ఎంక్వైరీలో ఊరుకున్నాను. దానికి ఏదో ఒక సాకు ఉంది, పిరికివాడి సాకైనా సరే. ఈ అవునుకి ఏ సాకు ఉంది? ఆమె కళ్ళలో నేను మంచివాడిగా ఉన్నాను, ఆ చోటు వదులుకోబుద్ధి కాలేదు. అంతకంటే ఏమీ దొరకడం లేదు. మూడేళ్ళుగా వెతుకుతున్నాను. ఒక చనిపోయినవాడి మంచితనాన్ని అతని భార్య దగ్గరే దొంగిలించి, ఆమె ఇచ్చిన టీ తాగి లేచి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే దానికి విలువ లేదు, నా వల్ల మీకు పోయిందేమీ లేదు. ఆమెకి చెప్పవలసిన మాటలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఇన్నేళ్ళలో కాయితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. పైడమ్మా, నీ భర్త ఆ మధ్యాహ్నం షాపులో లేడు. సెలవు దొరికిందని నమ్మి నా పక్కన సినిమాలో కూర్చున్నాడు. ఆ బిళ్ళ వేసింది నేను. కడుపు నొప్పి కథ రాసింది నేను. ఎర్రయ్య చెయ్యి పోవడంలో సింహాచలం తప్పు ఆవగింజంత కూడా లేదు.

రాశాక ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. ఆ కాస్తకే ఏడుపొచ్చింది. ఆమె ఉండే పూరీ గేట్ ఇక్కడికి సైకిలు మీద పావుగంట. మీకు చెప్పాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.