కారుకి వేణ్ణీళ్ళ స్నానం

నా చిన్నప్పుడు మేం కెనడాలోనే, సస్కచ్వాన్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. బడి దూరం కాబట్టి అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. పక్కింటి తాతగారికి తన పెళ్ళినాటి కారు ఒకటుండేది. దాని రేడియేటర్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా ఆయన పడని పాట్లు లేవు. సారా పోస్తే ఆవిరైపోయేదట, తేనె పోస్తే అతుకుల్లోంచి కారేదట, కిరసనాయిలు రబ్బరు గొట్టాలను తినేసేదట. చివరికి వేణ్ణీళ్ళకే వచ్చారు. బయల్దేరే ముందు పోయడం, ఆగగానే వంపెయ్యడం.

ఆ చలికాలం ఆయన భార్య, మేం బామ్మగారని పిలిచే ఆవిడ, పట్నం ఆస్పత్రిలో ఉన్నారు. పెళ్ళిరోజున ఆ కారులోనే చర్చికి వెళ్ళాలని ఆవిడ కోరిక. మరో పెళ్ళిరోజు చూస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఆ పెళ్ళిరోజు ఉదయం మా నాన్న సాయం చేద్దామని ముందే వెళ్ళి, రేడియేటర్ నిండా కుళాయి నీళ్ళు పోసి వచ్చారు. మా సొంతూరు గుంటూరులో ప్రయాణానికి ముందు అందరూ చేసే పనే. తాతగారు వచ్చి చూసేసరికి అడుగున గడ్డకట్టేసింది. రేడియేటర్ రేకు పగిలితే ఇక ఆ కారు కదలదు. నాన్న తల దించేసుకున్నారు.

తాతగారు వేణ్ణీళ్ళున్నాయా అని అమ్మనడిగారు. మా ఇంట్లో పొద్దున్నే స్నానాలకు గుండిగ నిండా కాగుతుండేవి. అమ్మ వాటితోపాటు మా బొంత కూడా తెచ్చింది. కారు ముందు భాగానికి బొంత కప్పి, వేణ్ణీళ్ళలో ముంచిన గుడ్డలు రేకుకు చుట్టి, చల్లారగానే మారుస్తూ ఉన్నారు. అమ్మ పెదాలు రాముణ్ణి తలుచుకుంటూనే ఉన్నాయి. చాలాసేపటికి రేడియేటర్ అడుగు కుళాయిలోంచి ఒక చుక్క, దాని వెనకే సన్నని ధార. ఎక్కడా పగల్లేదు. తాతగారు ఒకసారి టోపీ తీసి పెట్టుకుని, ఆ నీళ్ళన్నీ వంపేసి వేణ్ణీళ్ళు నింపారు.

నాన్న క్షమించమనబోతే ఆపి, “కారు దూరం వెళ్తోందని దాని దాహం తీర్చావు. మీ ఊళ్ళో అది మర్యాదే కదా,” అన్నారు. మమ్మల్నీ కారెక్కించుకున్నారు.

ఆస్పత్రిలో, ఇంత ఆలస్యమేమని బామ్మగారు అడిగారు.

“వీళ్ళు స్నానం కాకుండా గుడికి వెళ్ళరట. కారుకీ చేయించారు,” అన్నారు తాతగారు.

“ఇక్కడి నర్సులకన్నా బాగానే చేయించి ఉంటారు,” అని నవ్వి, ఆవిడ నాన్న చెయ్యి పట్టుకునే కారెక్కారు. అప్పుడు గానీ నాన్న తలెత్తలేదు.

ఆ తాతగారిని పక్కింట్లో పెట్టిన దేవుడికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. మొన్న ఇక్కడ మిల్టన్‌లో మా మనవరాలు సాయం చేద్దామని, ఏళ్ళ తరబడి నూనె పట్టిన నా దోసెల పెనాన్ని సబ్బుతో తెల్లగా తోమి తెచ్చి చూపించింది. ముందు పిల్ల ముఖం చూశాను. తర్వాతే పెనం.