మస్తాన్ మోకాలు, తిరగబడిన చెప్పులు

కరోనా మాస్కులు ముక్కుల మీద నుంచి గడ్డాల కిందికి దిగిన ఏడు అది. నెల్లూరులో మా ఎముకల ఆసుపత్రి ఓపీ గది బయట, చెప్పుల స్టాండు పక్కన నా ప్లాస్టిక్ కుర్చీ. ఓపీ అంటే రోగులు వచ్చి డాక్టరుగారికి చూపించుకుని వెళ్లే చోటు. పంతొమ్మిదేళ్లుగా నా పని ఆ తలుపు దగ్గరే. పేర్లు పిలుస్తాను, నడవలేని వాళ్లకు భుజం ఇస్తాను, ఎక్స్‌రే గదికి తీసుకెళ్తాను. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు కాగితం చదవలేను గానీ, ఒకసారి విన్న మాటా ఒకసారి చూసిన నడకా మరిచిపోను. మా ఇంట్లో పిల్లలు అన్నాల దగ్గర ఆసుపత్రి కథ చెప్పమంటే ముందు అడిగేది మస్తాన్ కథే.

మస్తాన్‌ది అల్లూరు పక్క. ముప్పై ఆరేళ్ల మనిషి, రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు. రోజుకు నాలుగైదుసార్లు గుంటల గట్లన్నీ చుట్టి రావాలి, నీళ్లలోకి దిగి మేత ఎంత తిన్నాయో చూడాలి. కుడి మోకాలు వాచి, గట్టు ఎక్కలేక, దిగలేక వచ్చాడు. వెంట భార్య షకీలా. నిండుగా కొంగు కప్పుకుని, మాట్లాడకుండా అతని వెనకే నిలబడింది.

అతన్ని చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే అతని చేతిలో ఎమ్మారై ఫిల్ములు, చీటీలు ఉన్నాయి గానీ, వాటి మీద ఆసుపత్రుల పేర్లు ఉండేచోట తెల్ల ప్లాస్టరు అంటించాడు.

"ఇదేంది నాయనా, కాగితాలకి కట్లు కట్టినావు?" అన్నాను.

"వాటికీ దెబ్బ తగిలిందిలే అక్కా," అన్నాడు, నవ్వకుండా.

చొక్కా జేబులో ఫోను, కెమెరా బయటికి చూస్తోంది. ఎవరిమీదో కేసు వేయడానికి తిరుగుతున్నాడా, వీడియో తీసి పరువు తీద్దామని వచ్చాడా అని నేను లోపలికి కూడా వెంట వెళ్లి బల్ల పక్కనే నిలబడ్డాను.

డాక్టరుగారు ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి చూశారు. మోకాలి ఎముకల చివర తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. దాన్ని కార్టిలేజ్ అంటారు. మేకకాళ్ల పులుసు చేసుకునే వాళ్లందరూ చూసే ఉంటారు, కీలు దగ్గర మెరుస్తూ ఉంటుంది. దానికి నెత్తురు పారదు. అందుకని చర్మం మీద గాయం మానినట్టు అది తనంతట తాను మానదు. మస్తాన్ మోకాల్లో లోపలి పక్క రూపాయి బిళ్లంత మేర అది లేచిపోయి ఎముక బయటపడింది.

"ఇంతకుముందు ఎవరికైనా చూపించారా మస్తాన్ గారూ?"

"ముగ్గురికి సార్."

"ఏమన్నారు?"

"అది మీరే చెప్పాల."

డాక్టరుగారికి కోపం రాలేదు. నాకొచ్చింది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. చిన్న గొట్టంతో లోపల కడిగి, ఊగే ముక్కలు తీసేయడం ఒక పద్ధతి. నొప్పి కొంత తగ్గుతుంది, పొర రాదు. మచ్చ చిన్నదైతే మైక్రోఫ్రాక్చర్. అంటే బయటపడ్డ ఎముకకు సన్నటి బెజ్జాలు వేస్తే లోపలి నెత్తురు ఊరి గడ్డకట్టి ఒక పొర కడుతుంది, అసలంత గట్టిది కాదు. ఇంకొంచెం పెద్దదైతే అదే మోకాల్లో బరువు పడని చోటు నుంచి ఎముకతో సహా చిన్న బిరడాల్లాగా తీసి గుంతలో నాటుతారు. మచ్చ ఇంత పెద్దదైతే నాలుగోది మేలు. ముందు చిటికెడు కార్టిలేజ్ తీసి ల్యాబుకు పంపితే, కొన్ని వారాలు వాళ్లు దాని కణాలను పెంచి తిరిగి పంపుతారు. వాటిని జిగురులాంటి దానిలో కలిపి గుంతలో నింపుతారు. మోకాలు మొత్తం అరిగిన పెద్దవాళ్లకు చేసే కీలు మార్పిడి ఈ వయసుకు వద్దన్నారు.

"ఈ కాలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? ఎముక విరిగిందా?"

"లేద్సార్," అన్నాడు మస్తాన్.

షకీలా తల వంచుకుంది. అది నేను చూశాను.

"సరే. నిలబెట్టి, తుంటి నుంచి మడమ దాకా ఒక పొడుగు ఎక్స్‌రే తీయించుకోండి. అది చూడకుండా ఏమీ చేయను," అన్నారు డాక్టరుగారు.

బయటికొచ్చాక మస్తాన్ నా కుర్చీ దగ్గర ఆగాడు. "అక్కా, నొప్పి మోకాల్లో. తుంటి నుంచి మడమ దాకా తీసేదెందుకు? కమీషనా?"

"నీకు అన్నీ కమీషన్లే కనిపిస్తాయా?"

"మాకు అట్ట అలవాటైపోయింది. రొయ్యపిల్ల కొనేముందు పరీక్షకి పంపిస్తాం గదా. ఒకే పిల్లని రెండు సీసాల్లో పోసి, రెండు ల్యాబులకి, వేరే వేరే పేర్లతో పంపుతాం. దాన్ని గురించి ఒక్క ముక్క చెప్పం. చెప్తే దానికి తగ్గట్టు రాసిస్తారు. ఇప్పుడు చూడు, ఒకే మోకాలు. ఒకాయన కడగాలన్నాడు, ఒకాయన బెజ్జాలన్నాడు, ఒకాయన బిరడాలన్నాడు, మీ డాక్టరేమో రొయ్యపిల్లల్లాగా కణాల్ని పెంచి పోస్తా అంటుండాడు. నలుగుర్లో ఎవరిది నిజం?" కొంచెం ముందుకు వంగాడు. "ఇంకొకటి. ల్యాబు నుంచి వచ్చేవి నా కణాలే అని ఎట్ట నమ్మేది? రొయ్యపిల్లని పుట్టించే హేచరీలో ఒక ట్యాంకు చూపించి, ఇంకో ట్యాంకులో పిల్లని కట్టిచ్చిన రోజులుండాయి. నేను సంచుల దగ్గర నిలబడి లెక్కేస్తే గానీ లారీ కదలనీయను."

"అయితే నీ మోకాలిని లారీ ఎక్కించి, నువ్వు డ్రైవరు పక్కన కూర్చో," అన్నాను. షకీలా కొంగు చాటున నవ్వింది. అతను నవ్వలేదు.

పది రోజుల తర్వాత చిటికెడు కార్టిలేజ్ తీసే రోజు. ఉదయాన్నే వచ్చారు. డాక్టరుగారు మొదట అడిగింది పొడుగు ఎక్స్‌రే.

"బయట తీయించినా సార్. అంతా బాగుండాదన్నారు. ఇంట్లో మర్చిపోయినా."

"తెప్పించండి. లేదా ఇక్కడే తీయించుకోండి. అది చూడందే థియేటర్‌లోకి తీసుకోను."

మస్తాన్ కుంటుకుంటూ బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. "బెజ్జాల డాక్టరు ఈ ఎక్స్‌రేలేమీ అడగలా. పోదాం పద, ఆయన దగ్గరే ఈ రోజే చేయించుకుంటా," అన్నాడు భార్యతో. అతని తొందర నాకు తెలుసు. గుంటలు ఎండగట్టిన రోజులవి. మళ్లీ పిల్ల పోసే నాటికి గట్టు మీద తిరగలేకపోతే, ఓనరు ఇంకొకర్ని పెట్టుకుంటానని చెప్పేశాడు. బెజ్జాల వైద్యం ఆ మచ్చకు చాలదని మా డాక్టరుగారు అన్న మాట నా చెవిలో ఉంది. ఆ ఒక్క అవకాశాన్నీ చేతులారా పోగొట్టుకుంటాడని భయం వేసింది. కానీ అబద్ధం ఎక్కడుందో తెలియక నోరు కట్టుకున్నాను.

అంతలో చెప్పుల స్టాండులో ఒక రబ్బరు చెప్పుల జత తిరగబడి కనిపించింది. తిరగబడిన చెప్పులుంటే ఆ ఇంట్లో కొట్లాటలు వస్తాయని మా అమ్మ అనేది. సరిచేశాను. ఎవరినో ఎక్స్‌రే గదిలో దింపి వచ్చేసరికి మళ్లీ తిరగబడి ఉన్నాయి. ఫ్యాను గాలికి చెప్పులు తిరగవు. ఎవరో కావాలని చేస్తున్నారని చుట్టూ చూశాను. అందరూ వాళ్ల వాళ్ల నొప్పుల్లో ఉన్నారు. సరిచేశాను. ఇంకోసారి పోయి వచ్చేసరికి మళ్లీ అదే. ఈసారి చేతిలోకి తీసుకుని అడుగు భాగం చూశాను.

ఎడమ చెప్పు నిండా సమానంగా అరిగింది. కుడిదాని మడమ బయటి అంచు మటుకు కాగితంలా అరిగి, గుంటల బురద రంగు పట్టి ఉంది. ఆ బెంచీల మీద గుంటల్లో తిరిగే మనిషి మస్తాన్ ఒక్కడే. అట్లాంటి చెప్పును నేను కాళ్లు విల్లులా వంగిన ముసలివాళ్ల దగ్గర చూశాను. ముప్పై ఆరేళ్ల మనిషికి, అదీ ఒక్క కాలికి, ఎప్పుడూ చూడలేదు. ఒక్క కాలే వంకరంటే ఎప్పుడో విరిగి ఉండాలి అనుకోగానే, షకీలా తల వంచుకోవడం గుర్తొచ్చింది.

ఆ జత తీసుకెళ్లి మస్తాన్ ముందు పెట్టాను. "ఇవి నీయేనా?"

"నాయే. గుంటల కాడ వేసుకునేవి. ఈ పొద్దు కొత్తవి కనపడలా."

"ఈ కాలు ఎప్పుడు విరిగింది?"

మస్తాన్ చెప్పుల్ని కాలితో వెనక్కి లాక్కున్నాడు. "నీకెవరు చెప్పినారు?" అని షకీలా వైపు తిరిగాడు.

"నేను నోరు తెరిచినానా?" అంది ఆమె. తెరవలేదు, నేనే సాక్షి.

అప్పుడు చెప్పాడు. పదిహేనేళ్ల వయసులో గట్టు మీద ట్రాక్టరు తిరగబడి, మోకాలికి జానెడు కింద కాలి ఎముక విరిగింది. నాటు కట్టు కట్టించారు. వంకరగా అతుక్కుంది. ప్యాంటు మోకాలి పైదాకా లాగినా తెలియనంత కొద్ది వంకర.

"మరి డాక్టరుగారు అడిగితే లేదన్నావే?"

"అదే గదా పరీక్ష! చెప్పకుండా ఎవరు కనిపెడితే వాళ్ల చేతే చేయించుకుందామనుకున్నా. నలుగురూ ఫెయిలే."

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "నువ్వు వాళ్లకిచ్చింది మోకాలి ఫిల్మయ్యా! జానెడు కిందది దాంట్లో ఎట్ట పడుద్ది? పడే ఎక్స్‌రే రాసిస్తే కమీషనంటివి. సీసాలో రొయ్యపిల్లకి నోరు లేదు, అందుకని పరీక్ష. నీకు నోరుండాది గదా అబ్బయ్యా!"

అతను ఆ అరిగిన చెప్పును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. నేను డాక్టరుగారికి చెప్పాను. ఆయన బయటికొచ్చి తానే అతన్ని ఎక్స్‌రే గదికి నడిపించుకెళ్లారు.

ఫిల్ము మీద తుంటి నుంచి మడమకు స్కేలుతో గీత గీసి చూపించారు. గీత మోకాలి మధ్యగా పోవాల్సింది, లోపలి పక్కగా పోయింది. ఒంటి బరువంతా ఆ మచ్చ మీదే పడుతోంది. "ఇట్లాగే ఏ పద్ధతిలో చేసినా, కొత్త పొర కూడా అరిగిపోతుంది. ఎముకను కోసి, వరుస సరిచేసి, ప్లేటు వేయాలి. దాన్ని ఆస్టియాటమీ అంటారు," అన్నారు.

మస్తాన్ గీత వెంబడి వేలు పెట్టి చూపించాడు. "మా గుంటల్లో గాలి కొట్టే చక్రాలుంటాయి సార్. షాఫ్టు వంగితే ఎన్ని బేరింగులు మార్చినా తినేస్తది."

"నేను చెప్పాల్సింది మీరే చెప్పారు," అన్నారు డాక్టరుగారు.

ఆ రోజు ఆపరేషన్ ఆగిపోయింది. తర్వాత చిటికెడు తీయడం, కొన్ని వారాలకు కణాలు రావడం, అదే పూట ఎముక సరిచేసి అవి నింపడం, అన్నీ జరిగాయి. చల్లటి పెట్టె వచ్చిన రోజు మస్తాన్ అరచేతిలో పెన్నుతో రాసుకున్న నంబరును పెట్టె మీది చీటీతో ఒక్కో అంకె చదివి సరిచూసుకున్నాడు. నన్నూ చూడమన్నాడు. అంకెలు నాకు వచ్చు, చూశాను. సరిపోయాయి. "చీటీ మార్చి ఉంటే?" అని మత్తు ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నాడట.

ఆ పంటకు అతను గట్టెక్కలేదు. ఆ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు వేరే గుంటల మీద కుదిరాడు. ఏడాదిన్నర తర్వాత చూపించుకోవడానికి వచ్చి, నా ముందు చెప్పులు విడిచి, రెండూ తానే తిరగేసి చూపించాడు. రెండు మడమలూ ఒకేలా అరిగాయి. "నలుగురు డాక్టర్లు ఫెయిలయినారు, నువ్వు పాసయినావు అక్కా," అని లోపలికి పోయాడు. ఆ మాట నేనూ ఏడాదిన్నరగా వార్డంతా చెప్పుకుంటూనే ఉన్నాను.

షకీలా నా కుర్చీ పక్కన చతికిలబడింది. "పాసయిపోయినావంట," అని కొంగు చాటున అదే నవ్వు.

"ఏం, కాదా?"

"మూడుసార్లు తిరగేసినా అక్కా ఆ చెప్పుల్ని. నువ్వేమో చూడకుండా సరిచేసి పోతావుంటివి! ఇంకోసారి అయితే నీ ఒళ్లోనే పెట్టేద్దామనుకున్నా."

"మరి కొత్త చెప్పులు?"

"బిర్యానీ డేక్సాలో పెట్టి మూతేసినా. విరిగిన సంగతి నోటితో చెప్పనని పిల్లల మీద ఒట్టు పెట్టించుకున్నాడు. చేత్తో చెప్పకూడదని అనలా గదా."

ఈ ముక్క మస్తాన్‌కు ఇంకా తెలియదు. ఇది కూడా రాసి అచ్చుకు ఇవ్వవచ్చా అని షకీలాను అడిగాను. మోకాలు బాగయింది గదా, చదవనీ అంది.

ఇప్పటికీ నా కుర్చీ అక్కడే. రోగి "ఏమీ లేద్సార్" అన్నప్పుడు నేను అతని మొహం చూడను. వెనక నిలబడిన మనిషిని చూస్తాను. ఆమె తల వంచుకుంటే, మంచినీళ్ల వంకతో పక్కకు పిలుస్తాను.