నాగూర్ మేస్త్రిగారు, ఒక లారీ ముక్కు

ఆటోనగర్‌లో నలభై ఏళ్ల పాటు లారీల ఇరుసులకు వైద్యం చేసిన షేక్ నాగూర్ వలీ మేస్త్రిగారు ఇక లేరు. పోయిన శుక్రవారం ఉదయం భవానీపురంలోని తమ ఇంట్లో టీ తాగుతూ తాగుతూనే కన్నుమూశారు. వారి భార్య ఖాజాబీ గారు ఫోన్ చేసి, "సాంబయ్యా, మీ మేస్త్రి పోయారయ్యా" అన్నప్పుడు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరో అద్దం మీద కొట్టి తిడితే గాని బండి కదపలేదు.

ఆయన దగ్గర పన్నెండేళ్లు పనిచేశాను. ఆ హక్కుతోనే కాబోలు, మన మెకానిక్కుల సంఘం వారు పత్రికకు నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. రాస్తాను. వాటితో పాటు ఆరేళ్లుగా నా గొంతులో అడ్డంపడిన మాట కూడా రాస్తాను. సంపాదకులు దయచేసి దాన్ని తీసేయవద్దు.

డిఫరెన్షియల్ అంటే ఇరుసు మధ్యలో బొజ్జలా ఉండే పెట్టె. లోపల పళ్ల చక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. ఆ నూనె కారుతోందని బండి వస్తే మాలాంటివాళ్లం వెంటనే నూనెను ఆపే రబ్బరు సీలు మార్చి పంపేస్తాం. మేస్త్రిగారు ముందు ఆ పెట్టెను డీజిలుతో కడిగించి, పొడిగుడ్డతో తుడిచి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లేవారు. బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చాక కింద పడుకుని, పౌడరు ఎక్కడ తడిసిందో చూసేవారు. ఇంట్లో పౌడరు డబ్బా నిలిచేది కాదు. "మా పెళ్లిలో కూడా నాకింత పౌడరు పుయ్యలేదయ్యా, లారీలకు పూస్తున్నారు" అని ఖాజాబీ గారు మా ముందే దెప్పేవారు. ఆయన సిగ్గుపడి నవ్వేవారు.

తడి దొరికినా ఆయన పని అయిపోయేది కాదు. "నూనె ఎక్కడ కారుతోందో డ్రైవరు కూడా చెబుతాడురా సాంబా. ఎందుకు కారుతోందో చెప్పమనే మన దగ్గరికొచ్చాడు" అనేవారు. ఆ వెంటనే అడిగే ప్రశ్న ఒక్కటే. "ముక్కు చూశావా?"

ఇరుసు పైన చిన్న రంధ్రం ఉంటుంది. బ్రీదర్ అంటారు. ఆయన భాషలో అది ముక్కు. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి ఆ దారిన బయటికి పోవాలి. ముక్కు మూసుకుంటే గాలి నూనెను తోస్తుంది. ఎంత కొత్త సీలు వేసినా నూనె దాన్ని దాటుకొని వస్తుంది. మన డెల్టా బురదలో తిరిగే బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. ఆయన సైకిలు పుల్లతో మట్టి తీసి, నోటితో ఊది, అటునుంచి గాలి పోతోందని తెలిశాకే లేచేవారు. మీసాలకు నూనె అంటుకునేది.

ఈ సంగతి పన్నెండేళ్లు విన్నవాణ్ణి నేను.

ఆరేళ్ల కిందట గుడివాడ వైపు చేపల చెరువులున్న ఒక ఆసామి పాత ఫోర్ వీల్ డ్రైవ్ లారీ పంపారు. మిలిటరీ వేలంలో కొన్నది. చెరువు గట్ల మీద మేత మోసే బండి. వెనక డిఫరెన్షియల్ నుంచి నూనె కారుతోంది. మేస్త్రిగారు కంటి ఆపరేషనుకు గుంటూరు వెళ్తూ, "నేనొచ్చి చూసేదాకా ఆ బండిని వదలొద్దు" అన్నారు. నేను సీలు మార్చాను. రెండో రోజుకు మళ్లీ కారింది. ఇంకో సీలు వేశాను, మళ్లీ కారింది. ఆసామి రోజుకు రెండుసార్లు ఫోన్. నాకు పరువు పోతున్నట్టుగా ఉంది. పైకి చూస్తే ముక్కు చుట్టూ నూనె తడి, మట్టి. చెరువు నీళ్లు ఇందులోంచే లోపలికి పోయి నూనెను బయటికి తోస్తున్నాయని డ్రైవరు అన్నాడు, నేనూ సరే అనుకున్నాను. మట్టి తీయాల్సిన చోట, గట్టిపడే పేస్టు పెట్టి మొత్తానికే మూసేశాను. షెడ్డు చుట్టూ తిప్పితే చుక్క కారలేదు. బండిని వదిలేశాను.

ఆ నెలలోనే వరద వచ్చింది. ఎత్తయిన లారీ కదా అని, నీళ్లు చుట్టుముట్టిన ఊరి నుంచి జనాన్ని తరలించడానికి ఆసామి దాన్నే పంపారు. నూనె అప్పటికే సీలు తోసుకొని పోయి, పెట్టె ఎండిపోయింది. నడుంలోతు నీళ్ల మధ్య చక్రాలు పట్టేసి లారీ ఆగిపోయింది. అందులో కోటేశ్వరరావు అనే రైతు గుండెనొప్పితో పడుకుని ఉన్నారు. పడవ వచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

లారీని లాక్కొచ్చాక మేస్త్రిగారే కిందికి దూరారు. చాలాసేపటికి బయటికి వచ్చి, "ముక్కు ఎవరు మూశార్రా?" అని అడిగారు.

"డ్రైవరు మూసుంటాడండి" అన్నాను.

ఆ పేస్టు డబ్బా నా బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆసామితో పాటు కోటేశ్వరరావు గారి భార్య రాఘవమ్మ గారు షెడ్డుకు వచ్చారు. "నీ చేతులు పడిపోను! మా ఆయన్ని నీళ్ల మధ్య చంపేశావు కదయ్యా" అని మేస్త్రిగారి మీద మన్ను ఎత్తి పోశారు. ఆయన తుడుచుకోలేదు. "తప్పు నాదేనమ్మా. నా షెడ్డు నుంచి పోయిన బండి. నేను చూసుకోవాల్సింది" అన్నారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు అని రాస్తే అబద్ధం. తెరవలేదు, అంతే.

తర్వాతి కథ మీకు తెలుసు. మనుషుల్ని చంపిన మేస్త్రి అన్నారు. బండ్లు రావడం మానేశాయి, ఏడాదికి షెడ్డు మూతపడింది. నేను సొంతంగా పెట్టుకున్న షెడ్డుకు ఆయన బండ్లే వచ్చాయి. ఆయన ఎదురుపడితే, "బాగున్నావా సాంబా" అనేవారు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేదని ఆయన మీదే కోపం తెచ్చుకున్న నీచుణ్ణి నేను.

మేస్త్రిగారి ఖననానికి వెళ్లి మూడు గుప్పెళ్ల మన్ను వేసి వచ్చాను. మూడో రోజు ఖాజాబీ గారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, "తెలుసయ్యా. ఆ రోజే చెప్పారు. వాడికి చిన్నపిల్లలున్నారు, వాడే వచ్చి చెబుతాడులే అన్నారు. చానాళ్లు చూశారు" అన్నారు. మళ్లీ తనే, "నాకు చెప్పి ఏం లాభం? ఆ ఊరెళ్లి చెప్పు" అన్నారు.

వెళ్లాను. రాఘవమ్మ గారు వడ్లు ఎండబోస్తున్నారు. చివరిదాకా విన్నారు. నన్ను కొడతారనుకున్నాను. ఆమె కాలితో వడ్లు నెరపడం ఆపి అడిగారు.

"ఆయన కనిపించినచోటల్లా శాపనార్థాలు పెట్టానయ్యా. చేతులు కట్టుకుని పడ్డాడు. ఇప్పుడాయన లేడంటున్నావు. నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలి?"

ఆ రాత్రే ఇది రాయడానికి కూర్చున్నాను.

నలభై ఏళ్ల ఆ విద్య, ఆ సహనం మన్నులో కలిసిపోయాయి. ఆ స్థానాన్ని భర్తీ చేసేవారు లేరు, నేనైతే అసలే కాను. లారీ యజమానులకూ డ్రైవర్లకూ తోటి మెకానిక్కులకూ చేతులు జోడించి చెబుతున్నాను: ఆ బండి మీద నాగూర్ వలీ మేస్త్రిగారి చెయ్యి పడనే లేదు. దాన్ని చెడగొట్టింది నేను. వారికి నా కన్నీటి నమస్కారం.

సాంబశివరావు, మెకానిక్, ఆటోనగర్