పగిలిన గరిటె ఏ జట్టుది

జూలై రెండవ సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. ఉదయగిరి కొండ మీద మబ్బు కమ్మింది గాని చినుకు లేదు. ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చిన శిక్షకుడు మా కొయ్య గరిటెల కేంద్రంలో పన్నెండు మంది ఆడవాళ్ళను మూడు జట్లు చేశాడు. నలుగురు కొయ్య కోసేవారు, నలుగురు చెక్కేవారు, నలుగురు నునుపు చేసేవారు. ఒకే పని చేసేవారు ఒకచోట ఉండాలని నిర్వహణ శాస్త్రం చెబుతుందన్నాడు. ఉపాధ్యాయుడిగా రిటైరై అక్కడ లెక్కలు చూస్తున్న నాకు, అంకె చూపించని శాస్త్రం మీద నమ్మకం తక్కువ.

పదిహేను రోజుల్లో మూడు వందల గరిటెలు నెల్లూరు ప్రదర్శనకు అందాలి. అందకపోతే కేంద్రం మూసేస్తామని పై అధికారులు ముందే చెప్పారు.

అయిదు రోజులకు తొంభై తయారయ్యాయి. వాటిలో ముప్పై నాలుగు పగిలాయి.

“కొయ్య ఆరలా, మేమేం చేసేది?” అన్నారు చెక్కేవాళ్ళు.

“ఉలి అట్ట దించితే పగలదా ఏంది?” అన్నారు కోసేవాళ్ళు.

నా అనుమానం శిక్షకుడి మీద పడింది. అందరికన్నా బాగా కోసే ఆమె, అందరికన్నా బాగా చెక్కే ఆమె తోడికోడళ్ళు. వాళ్ళను వేరు చేయడానికే ఈ జట్లు పుట్టాయేమోనని నిలదీశాను.

“ఏడాదిగా వాళ్ళిద్దరికీ మాటల్లేవని వచ్చిన రోజే తెలిసింది సార్. కలిపితే గొడవని విడగొట్టినాను. శాస్త్రమంటే ఎవరూ అడగరు గదా” అన్నాడు. ఒక వస్తువు మొత్తాన్ని ఒకే జట్టుకు అప్పగించే పద్ధతి కూడా అదే శాస్త్రంలో ఉందని ఒప్పుకున్నాడు. కోసే ఆమె, చెక్కే ఆమె, నునుపు చేసే ఆమె కలిసి ఒక జట్టుగా, నాలుగు జట్లు వేయించాను, తోడికోడళ్ళిద్దరినీ ఒకే జట్టులో పెట్టించి.

“ఆమె ఇచ్చే కొయ్య నేను ముట్టను” అంది చెక్కే తోడికోడలు.

“ఊరికే ముట్టబాకని, చూసుకోనే తీసుకోమని చెప్పు ఆమెకి” అంది రెండో ఆమె, నునుపు చేసే ఆమె వైపు తిరిగి.

చెక్కే ఆమె నిజంగానే చూసుకుంది. ప్రతి ముక్కనూ కిటికీ వెలుగులో తిప్పి, గోటితో తట్టి తీసుకుంది. చెక్కిన గరిటెను కోసిన ఆమె మళ్ళీ లాక్కుని పరీక్షించింది, నింద తన మీదికి రాకుండా. సర్దుకుపోతారేమోనని ఎదురుచూశాను, చివరి రోజు దాకా ఒక్క మాట లేదు. ఆ జట్టులో మాత్రం ఒక్క గరిటె పగలలేదు. మిగిలిన మూడు జట్లూ అలాగే ఒకరినొకరు తనిఖీ చేసుకోసాగాయి.

తర్వాతి పది రోజుల్లో తయారైనవి రెండు వందల నలభై ఏడు, పగిలినవి తొమ్మిది. మొత్తం మంచివి రెండు వందల తొంభై నాలుగు. అడిగినదానికి ఆరు తక్కువ. ప్రదర్శనవారు ఆ లోటుతోనే తీసుకున్నారు, కేంద్రం మూతపడలేదు. కేంద్రంలో ఇప్పటికీ పని చేస్తున్నవారు పన్నెండు మంది.